ప్లగ్గు విప్పాకే బేరం

పాత మోటార్‌సైకిల్ కొనబోతూ నన్ను తోడు రమ్మనేవాళ్ళకి నేను పెట్టే షరతు ఒకటే: అమ్మేవాళ్ళు స్పార్క్ ప్లగ్గు విప్పనివ్వాలి. పెయింటు ఎలా ఉంది, క్రోము పెచ్చులూడిందా, సీటు కింద తుప్పుందా అన్నవి ఎవరి కళ్ళతో వాళ్ళు చూసుకోవచ్చు. పిస్టన్ చుట్టూ ఉండి గాలి జారకుండా ఆపే రింగులు పట్టు వదిలాయా, వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే అంచు, అంటే వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చుంటున్నాయా అన్నది మాత్రం బయటికి కనపడదు. సిలిండర్ మీది మూత, అంటే హెడ్డు విప్పకుండా ఆ సంగతి తెలుసుకోవాలంటే దగ్గరి దారి కంప్రెషన్ గేజి. ప్లగ్గు రంధ్రంలో బిగించి కిక్కులు కొడితే, పిస్టన్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కుతోందో అది చూపిస్తుంది.

గేజి బయటికి తియ్యగానే అందరూ అడిగేది "ఎంత రావాలన్నా?" అని. 120 వస్తే కొనెయ్యొచ్చా, 90 వస్తే వదిలెయ్యాలా? ఆ ఒక్క అంకె చూసి కొనకండి, ఆ ఒక్క అంకె చూసి మంచి బండిని వదులుకోకండి కూడా. నేను గేజిలో వెతికేది తేడాల కోసం. ఈ సిలిండర్‌కీ పక్క సిలిండర్‌కీ ఎంత తేడా, మొదటి కిక్కుకీ ఆఖరి కిక్కుకీ ఎంత తేడా, ఆయిల్ వెయ్యకముందు ఎంత, వేశాక ఎంత. ఇంజన్ లోపలి సంగతి తెలిసేది అక్కడే.

అంకెను ఒంటరిగా ఎందుకు నమ్మకూడదో చిన్న లెక్కతో తేలిపోతుంది. కంప్రెషన్ రేషియో 7 అంటే, పిస్టన్ అడుగున ఉన్నప్పుడు లోపల పట్టే గాలిని పైకి వచ్చేసరికి ఏడో వంతు జాగాలోకి కుక్కుతుందన్నమాట. సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి 14.7 పీఎస్‌ఐ, అంటే చదరపు అంగుళానికి అన్ని పౌండ్లు. నేను చెప్పే గేజి అంకెలన్నీ ఇందులోనే. దాన్ని ఏడు రెట్లు చేస్తే 103. గేజి బయటి గాలిని సున్నా అనుకుంటుంది కనుక 14.7 తీసేస్తే మిగిలేది 88. అయితే నొక్కిన గాలి వేడెక్కుతుంది, గాలి కొట్టేటప్పుడు సైకిల్ పంపు కింది భాగం చుర్రుమన్నట్టు. ఆ వేడికి ఒత్తిడి 88 దాటి ఇంకా పైకి పోవాలి. దాన్ని వెనక్కి లాగేది కూడా ఒకటుంది. పిస్టన్ అడుక్కి చేరగానే ఇన్‌లెట్ వాల్వు మూసుకోదు. పిస్టన్ మళ్ళీ కొంత పైకి వచ్చాక మూసుకుంటుంది. నెమ్మదిగా తిరిగే కిక్కులో ఆ లోపల కొంత గాలి వచ్చిన దారినే వెళ్ళిపోతుంది. ఎంత వెళ్ళిపోతుందన్నది వాల్వుల్ని తెరిచి మూసే క్యామ్‌ను బట్టి ఉంటుంది. అందుకే రేషియో ఒకటే అయినా రెండు మోడళ్ళ ఇంజన్లు రెండు అంకెలు చూపిస్తాయి.

రేషియోలే ఎంత తేడాగా ఉంటాయో చూడండి. రెండో ప్రపంచయుద్ధకాలంనాటి బీఎస్‌ఏ ఎం20 సైడ్‌వాల్వ్ ఇంజన్‌కి రేషియో 5 కూడా లేదు. 1969లో వచ్చిన హోండా సీబీ750కి 9. మొదటిదానికి 70 వచ్చిందని బెంగపడక్కర్లేదు. రెండోదానికి 90 వచ్చిందంటే హెడ్డు విప్పడానికి సిద్ధపడాలి. పైగా కొండప్రాంతాల్లో గాలే పలచన. సముద్రమట్టం నుంచి 1000 మీటర్ల ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి 11 శాతం దాకా తగ్గుతుంది, గేజిలో అంకె కూడా దాదాపు అంతే తగ్గుతుంది. కొనబోయే మోడల్ సర్వీస్ మాన్యువల్ దొరికితే అందులో ఉండాల్సిన అంకె, కనీస హద్దు రెండూ రాసి ఉంటాయి. అవి చీటీ మీద రాసుకుని వెళ్ళండి. దొరకకపోతే, తేడాల మీద ఇంకా ఎక్కువ ఆధారపడాలి.

గేజీల సంగతి కూడా చెప్పుకోవాలి. ఏ రెండు గేజీలూ ఒకే అంకె చూపించవు. నా దగ్గరున్నది కాస్త తక్కువ చూపిస్తుంది. అది నాకు తెలుసు కాబట్టి ఇబ్బంది లేదు, ఎందుకంటే బాగున్న నా బండి మీద అదే గేజితో ఎంత వస్తుందో చూసి పెట్టుకున్నాను. మీరూ గేజి కొన్నాక ముందు మీకు బాగా తెలిసిన ఇంజన్ మీద వాడి చూడండి. గేజిలో ముఖ్యంగా చూడాల్సింది, గాలిని వెనక్కి పోనివ్వని చిన్న వాల్వు ఎక్కడుందన్నది. అది ప్లగ్గు రంధ్రంలో బిగించే కొసలోనే ఉండాలి. కొన్ని చవక గేజీల్లో అది పైన, గేజి దగ్గర ఉంటుంది. అప్పుడు గొట్టంలోని ఖాళీ అంతా సిలిండర్ ఖాళీకి కలిసిపోతుంది.

ఇదేమంత పెద్ద విషయమా అనుకోవద్దు. 100 సీసీ ఇంజన్, రేషియో 7 అనుకుందాం. పిస్టన్ పైకి వచ్చాక మిగిలే జాగా 17 సీసీ లోపే. గొట్టం 3 సీసీ కలిపిందంటే రేషియో 6కి పడిపోయినట్టే. మంచి ఇంజన్‌ని చెడ్డదనుకుని ఇంటికి వచ్చేస్తాం. అదే 350 సీసీ ఇంజన్ అయితే 3 సీసీ వల్ల పెద్దగా ఏమీ మారదు. చిన్న ఇంజన్ల దగ్గరే గేజి విషయంలో పట్టుదలగా ఉండాలి.

అడాప్టర్ మర కూడా సరిచూసుకోండి. పాత బండ్లలో ఎక్కువగా 14 మిల్లీమీటర్ల ప్లగ్గులే. చిన్న హోండాల్లో 10 మిల్లీమీటర్లవి ఉంటాయి, కొన్నింటికి 12. మర పొడవు కూడా ఒక్కటి కాదు, 12.7 మిల్లీమీటర్లవి, 19 మిల్లీమీటర్లవి ఉన్నాయి. పొట్టి మర ఉన్న హెడ్డులో పొడుగు అడాప్టర్ బిగిస్తే అది లోపలికి పొడుచుకొచ్చి పిస్టన్‌కి తగలొచ్చు. విప్పిన ప్లగ్గు పక్కన అడాప్టర్ పెట్టి పొడవు పోల్చుకున్నాకే బిగించాలి. మర దెబ్బతిన్న హెడ్డులైతే చేత్తో నొక్కిపట్టే రబ్బరు కొస గేజి వాడతాను. దానికి ఇద్దరు మనుషులు కావాలి, కొంచెం గాలి తప్పించుకోవడమూ ఉంటుంది.

ఇక బండి దగ్గరికి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెడతాను. వేడిగా ఉంటే, మనం వచ్చేముందే స్టార్ట్ చేసి ఉంచారన్నమాట. అందులో దురుద్దేశం ఉండాలనేం లేదు, కానీ చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్కులకి అందుకుంటుంది, మొదట ఎలాంటి పొగ వస్తుంది అన్నవి చూసే అవకాశం పోయినట్టే. వీలైతే ముందురోజే ఫోన్ చేసి "దయచేసి మేం వచ్చేదాకా స్టార్ట్ చెయ్యకండి" అని చెప్పడం మేలు. చాలామంది మాట ఉంచుతారు.

గేజి తియ్యకముందు కిక్కర్‌తోనే సగం విషయం తెలుస్తుంది. ఇగ్నిషన్ ఆపేసి, కిక్కర్‌ని కొట్టకుండా కాలితో నెమ్మదిగా నొక్కుతూ వెళ్ళండి. ఒకచోట అడ్డం తగులుతుంది. అక్కడ బరువు మోపి ఆగండి. పాత 350 బుల్లెట్ లాంటి, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వ్యాసం), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) ఉన్న సింగిల్, అంటే ఒకే సిలిండర్ బండి అయితే, రింగులూ వాల్వులూ బాగున్నప్పుడు ఆ అడ్డం మీద మనిషి నిలబడినా కాసేపు మోస్తుంది. తర్వాత మెల్లగా జారుతుంది. అడ్డమే తెలియకుండా కిక్కర్ అడుక్కి పోతే గాలి ఎటో పోతోందన్నమాట. ఎటు పోతోందో వినాలి. చుట్టుపక్కల శబ్దం లేకుండా చూసుకుని చెవి దగ్గర పెట్టండి. కార్బొరేటర్ మూతిలో స్‌స్ మంటే ఇన్‌లెట్ వాల్వు. సైలెన్సర్ కొసలో వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు. ఆయిల్ పోసే మూత తీసినప్పుడు అక్కడ, లేదా ఇంజన్ లోపలి గాలిని బయటికి వదిలే బ్రీదర్ పైపులో వినిపిస్తే గాలి రింగులు దాటి కిందికి దిగుతోంది. ఈ పరీక్షకి ఏ పనిముట్టూ అక్కర్లేదు. అమ్మేవాళ్ళు ప్లగ్గు ముట్టుకోవద్దన్నా ఇది చెయ్యొచ్చు. నేను ఎంతోమందికి నేర్పాను, ఇప్పటికీ గేజికన్నా ముందు నా కాలునే నమ్ముతాను.

కాకపోతే డీకంప్రెసర్ ఉన్న బండ్ల దగ్గర జాగ్రత్త. హెడ్డులో చిన్న వాల్వు ఉంటుంది, హ్యాండిల్ దగ్గర లివర్ నొక్కితే తెరుచుకుని గాలి వదిలేస్తుంది. దాని కేబుల్ బిగుతుగా ఉందంటే లివర్ ముట్టుకోకపోయినా వాల్వు ఓరగా తెరుచుకునే ఉంటుంది. ముందు ఆ కేబుల్‌కి కాస్త లూజు ఉందో లేదో చూడండి. 1978లో వచ్చిన యమహా ఎస్‌ఆర్500 కూడా లివర్ రకమే, పిస్టన్ ఎక్కడుందో తెలియడానికి హెడ్డు పక్కన చిన్న అద్దం కిటికీ కూడా ఇచ్చారు. కొన్ని పెద్ద సింగిల్స్‌లో కిక్కర్ కొట్టగానే దానంతటదే ఎగ్జాస్ట్ వాల్వును కొంచెం ఎత్తే ఏర్పాటు ఉంటుంది. అలాంటి బండి గేజిలో తక్కువే చూపిస్తుంది, అది జబ్బు కాదు. బండి ఏదో ముందే తెలుసు కాబట్టి ఆ ఏర్పాటు ఉందో లేదో వెళ్ళేముందే చదువుకోండి.

గేజి పెట్టే పద్ధతి ఇది. ఇంజన్‌ని కొన్ని నిమిషాలు నడిపి వెచ్చబడనివ్వాలి. పెట్రోల్ ట్యాప్ మూసెయ్యాలి. ప్లగ్గు చుట్టూ ఉన్న మట్టిని ఊది, తుడిచి, అప్పుడు విప్పాలి. లేదంటే ఆ ఇసుకంతా నేరుగా సిలిండర్లో పడుతుంది. ట్విన్, అంటే రెండు సిలిండర్ల బండి అయితే రెండు ప్లగ్గులూ విప్పెయ్యాలి. ఇగ్నిషన్ ఆపాలి. ఆపే వీలు లేని బండి అయితే, ప్లగ్గును క్యాప్‌లోనే ఉంచి దాని లోహపు భాగం ఇంజన్‌కి గట్టిగా తగిలేలా, ప్లగ్గు రంధ్రానికి దూరంగా పెట్టాలి. సీడీఐ అనే ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ యూనిట్ ఉన్న బండిలో కరెంటుకి దారి లేకుండా వదిలేసి కిక్కులు కొడితే యూనిట్ పోయే ప్రమాదం ఉంది. రంధ్రం దగ్గర నిప్పురవ్వ పుడితే అక్కడి పెట్రోల్ ఆవిరి అంటుకోవచ్చు. చోక్ తీసెయ్యాలి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకోవాలి. ఇది చాలామంది మరిచిపోతారు. యాక్సిలరేటర్ మూసి ఉంటే లోపలికి గాలే రాదు, రాని గాలిని పిస్టన్ నొక్కలేదు. అంకె సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

అప్పుడు ముల్లు ఇక పైకి కదలని దాకా కిక్కులు కొట్టాలి. ప్రతి సిలిండర్‌కీ ఒకే మనిషి, ఒకే బలంతో, అన్నే కిక్కులు కొట్టాలి. సెల్ఫ్ స్టార్ట్ ఉంటే బ్యాటరీ నిండా చార్జ్ ఉండాలి, నీరసంగా తిరిగే మోటారు తక్కువ అంకె ఇస్తుంది.

ముల్లు ఆగిన చోటుకన్నా అది ఎక్కిన తీరు మీద దృష్టి పెట్టండి. బాగున్న ఇంజన్‌లో మొదటి కిక్కుకే ముల్లు చాలా దూరం ఎగురుతుంది, తర్వాతి ఒకటి రెండింటికి మిగతాది పూర్తిచేసి నిలబడుతుంది. రింగులు అరిగిన ఇంజన్‌లో మొదటి కిక్కుకి కొంచెం, రెండోదానికి ఇంకొంచెం, అలా ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతుంది కానీ చేరాల్సిన చోటికి చేరదు. వాల్వు లీకైతే మొదటి కిక్కుకి తక్కువే చూపించి, ఎన్ని కొట్టినా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే నేను రెండో మనిషిని పక్కన పెట్టుకుని ప్రతి కిక్కుకీ అంకె రాయిస్తాను. 70, 100, 115, 118 అన్న వరసకీ, 40, 65, 85, 100 అన్న వరసకీ ఆఖరి అంకెల్లో తేడా 18 మాత్రమే. కానీ ఆ రెండు ఇంజన్లూ ఒకే స్థితిలో లేవు.

తక్కువ వచ్చినప్పుడు చేసేది తడి పరీక్ష. ప్లగ్గు రంధ్రంలోంచి కొంచెం ఇంజన్ ఆయిల్ వేసి, ఒకటి రెండుసార్లు కిక్కర్ తిప్పి, మళ్ళీ గేజి పెట్టాలి. ఆయిల్ రింగుల చుట్టూ చేరి సందులు మూస్తుంది. అంకె బాగా పెరిగితే లోపం రింగుల్లోనో బోరులోనో ఉంది. పెరగకపోతే వాల్వులు, లేదా హెడ్డుకీ సిలిండర్‌కీ మధ్య ఉండే ప్యాకింగ్, అంటే హెడ్ గ్యాస్కెట్. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లు రెండూ తక్కువై, ఆయిల్ వేసినా కదలకపోతే ఆ రెండిటి మధ్య గ్యాస్కెట్ కాలిపోయి ఉండొచ్చు.

"ఒక చెంచా ఆయిల్ వెయ్యి" అని ప్రతిచోటా చెబుతారు. పెద్ద ఇంజన్‌కి అది సరే. చిన్న ఇంజన్‌కి వేస్తే పరీక్షే చెడిపోతుంది. ఇందాకటి 100 సీసీ లెక్కనే తీసుకోండి. 17 సీసీ జాగాలో 5 మిల్లీలీటర్ల ఆయిల్ కూర్చుంటే గాలికి మిగిలేది 12 సీసీ. రేషియో 7 నుంచి 9 దాటిపోతుంది. రింగులు ఎలా ఉన్నా ముల్లు పైకే పోతుంది, మనం రింగులు పోయాయని తేల్చేస్తాం. చిన్న ఇంజన్‌కి ఒక మిల్లీలీటరు చాలు. సూది లేని సిరంజి దగ్గర పెట్టుకుంటే కొలత తప్పదు. బీఎండబ్ల్యూ బాక్సర్ లాంటి పడుకున్న సిలిండర్లలో వేసిన ఆయిల్ కింది వైపు మాత్రమే చేరుతుంది, పైవైపు రింగు సందులకు అందదు. అక్కడ తడి పరీక్ష మీద తీర్పు చెప్పలేం.

పైన చెప్పిన లెక్కనే తిరగేసి వాడేవాళ్ళూ ఉన్నారు. మనం చూడ్డానికి వచ్చేముందు ప్లగ్గు విప్పి చిక్కటి ఆయిల్ వేసి పెడితే, అరిగిన ఇంజన్ కూడా కిక్కర్‌లో గట్టిగా తగులుతుంది. దాన్ని పట్టుకోవడం కష్టం కాదు. విప్పిన ప్లగ్గు కొస ఆయిల్‌తో తడిసి ఉంటుంది, స్టార్ట్ చేస్తే మొదట విపరీతంగా నీలం పొగ వస్తుంది, కాసేపు నడిచాక తగ్గుతుంది. అంకె ఉండాల్సినదానికన్నా బాగా ఎక్కువ వస్తే సంతోషించకుండా కారణం వెతకండి. లోపల మసి దట్టంగా పేరుకున్నా, ఎవరైనా హెడ్డు అరగదీయించినా, వేరే పిస్టన్ వేసినా అంకె పెరుగుతుంది.

ఒక ట్విన్ సంగతి చెప్పాలి. తమ్ముడి స్నేహితుడొకడు చాలా కాలంగా వెతుకుతున్న బండి, నన్నూ తీసుకెళ్ళాడు. పాత ప్యారలల్ ట్విన్. అమ్మే పెద్దాయన "బాబూ, ఇది నా చేతిలోనే పెరిగింది, ఏం చూడాలన్నా చూసుకోండి" అన్నారు. ఎడమ సిలిండర్ 120, కుడిది 85. రెండు సిలిండర్ల మధ్య 10 శాతం లోపు తేడా ఉంటే నేను పట్టించుకోను, 15 దాటితే ఆగుతాను. ఇది దాదాపు 30. కుర్రాడి ముఖం వాడిపోయింది. "వదిలేద్దామా అన్నా?" అన్నాడు మెల్లగా. కుడివైపు వరస చూస్తే మొదటి కిక్కు నుంచీ తక్కువగా మొదలై అక్కడే నిలబడింది. ఆయిల్ వేస్తే 88 అయింది, అంతే. రింగులు కావు. గేజి తీసేసి ప్లగ్గులు పెట్టి, కిక్కర్ నొక్కి పట్టి వింటే కుడి సైలెన్సర్‌లో స్‌స్ మని సన్నటి శబ్దం.

ఇలాంటప్పుడు చాలామంది "వాల్వు కాలిపోయింది" అని తేల్చేసి లేచి వచ్చేస్తారు. ముందు ట్యాపెట్ చూడాలి, అంటే వాల్వుకీ దాన్ని నొక్కే భాగానికీ మధ్య వదిలే సన్నటి సందు. సందు అసలు లేకపోతే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఇంజన్ చల్లారేదాకా ఆగాం. పెద్దాయన బండి గురించి, దాని మీద తిరిగిన దారుల గురించి చెబుతుంటే వింటూ కూర్చున్నాం. చల్లారాక మూత తీసి, సందు కొలిచే పలచటి రేకుల ఫీలర్ గేజితో చూస్తే కుడి ఎగ్జాస్ట్‌కి సందు లేనే లేదు, అన్నిటికన్నా పలచని రేకు కూడా దూరలేదు. మాన్యువల్ చెప్పినంత సందు పెట్టి, ఇంజన్ చల్లగా ఉండగానే రెండు వైపులా మళ్ళీ చూశాం. పోల్చేటప్పుడు రెండూ ఒకే స్థితిలో ఉండాలి కదా. ఎడమ 112, కుడి 108. పెద్దాయన కూడా గేజి దగ్గరికి వంగి చూసి ఎంతో సంబరపడ్డారు. ఆయనకే తెలియదు ఆ సంగతి. కుర్రాడికి ఒక్కటే చెప్పాను: సందు లేకుండా నడిచిన ఎగ్జాస్ట్ వాల్వు వేడిని సీటులోకి వదల్లేక అంచులు కాలే అవకాశం ఉంది, ట్యాపెట్ సందు త్వరత్వరగా తగ్గుతుందేమో కనిపెట్టుకుని ఉండు, తగ్గుతుంటే హెడ్డు విప్పించు. బండి ఇప్పుడు ఆ కుర్రాడి దగ్గరే ఉంది.

టూ స్ట్రోక్ బండ్లకి వాల్వులు లేవు కాబట్టి గేజి చెప్పే కథ పొట్టిది. యమహా ఆర్‌ఎక్స్ 100 అయినా, పాత జావా, యెజ్డీ అయినా అంకె తక్కువైతే రింగులు, పిస్టన్, బోరు, లేదంటే హెడ్డు ప్యాకింగ్. రేషియో అంకె చూసి కంగారు పడొద్దు. కొందరు తయారీదారులు సిలిండర్ గోడలో పొగ బయటికి పోయే రంధ్రం, అంటే ఎగ్జాస్ట్ పోర్టు మూసుకున్న తర్వాతి జాగానే లెక్కలోకి తీసుకుంటారు, అందుకని పుస్తకంలో 7 లోపు ఉన్నా గేజిలో 120 దాటడం మామూలే.

అయితే టూ స్ట్రోక్ ఇంజన్‌కి పిస్టన్ కింద ఇంకో కంప్రెషన్ ఉంది, దాన్ని ప్లగ్గు రంధ్రంలో పెట్టిన గేజి చూడలేదు. పెట్రోలూ గాలీ కలిసిన మిశ్రమం ముందు క్రాంకు తిరిగే కింది గదిలోకే, అంటే క్రాంక్ కేసులోకే వస్తుంది. అక్కడ నొక్కబడి పైకి పోతుంది. క్రాంకుకు రెండువైపులా ఉండే ఆయిల్ సీళ్ళు గట్టిపడి పోతే పైన 130 చూపించిన ఇంజన్ కూడా సరిగ్గా నడవదు. ఏళ్ళ తరబడి నిలబెట్టేసిన బండ్లలో రబ్బరు సీళ్ళు ఎండిపోవడం సహజం. మాగ్నెట్ వైపు సీలు పోతే బయటి గాలి పీల్చుకుంటుంది. యాక్సిలరేటర్ వదిలినా స్పీడు వెంటనే దిగదు, ఐడిలింగ్ నిలవదు, అలాగే లాగితే పిస్టన్ పట్టేస్తుంది. క్లచ్ వైపు సీలు పోతే గేరుబాక్సు ఆయిల్ తాగుతుంది. వేడెక్కినా తగ్గని దట్టమైన పొగ, బయట ఎక్కడా లీకు లేకుండా తగ్గిపోయే గేరు ఆయిల్ దానికి గుర్తులు. టూ స్ట్రోక్ చూసేటప్పుడు గేజికి ఎంత సమయం ఇస్తామో ఈ రెండు సీళ్ళకీ అంత ఇవ్వాలి.

మంచి ఇంజన్ కూడా తక్కువ చూపించే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. స్టార్ట్ అవ్వక పదేపదే కిక్కులు కొట్టి ఉంటే పెట్రోల్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది. సిలిండర్‌ని కొత్తగా బోరు చేయించి, అంటే కాస్త వెడల్పు కోయించి, ఇంకా రింగులు అమరని ఇంజన్ తక్కువే చూపిస్తుంది. చాలాకాలం కదలని బండిలో రింగులు జిగురు పట్టి గాడిలో ఇరుక్కుని ఉంటాయి, వాల్వు సీటు మీద పలచటి తుప్పు ఉంటుంది. వాటిలో కొన్ని నడిపితే తేరుకుంటాయి. అలా తేరుకుంటుందన్న ఆశ మీద ధర కట్టకండి, విప్పి చేయించే ఖర్చు లెక్కలో వేసుకునే బేరం ఆడండి.

ఇటువైపు కూడా చెప్పాలి. అంకె బాగున్నంత మాత్రాన ఇంజన్ మొత్తం బాగున్నట్టు కాదు. ఆయిల్ రింగు పోయి పొగ పట్టే ఇంజన్, ఆ ఆయిల్ వల్లనే కంప్రెషన్ బ్రహ్మాండంగా చూపించగలదు. వాల్వు కాడలు జారే గైడ్లు అరిగిన సంగతి గేజి చెప్పదు. కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు కొట్టుకుంటున్నా, గేరు పళ్ళు విరిగినా గేజికి తెలియదు. వాటికి చెవి, నడిపి చూడడం కావాలి.

ప్లగ్గు విప్పి ఉండగానే చూడాల్సింది ఇంకొకటి ఉంది, ఇది మాత్రం అస్సలు వదలొద్దు. పిస్టన్‌ని పైకి తెచ్చి టార్చి వేసి చూడండి. ఫోన్‌కి తగిలించే సన్నటి కెమెరా ఉంటే ఇంకా మేలు. బోరు చేయించాక ఆ వెడల్పుకి తగ్గట్టు వేసే ఓవర్‌సైజ్ పిస్టన్ల నెత్తిన కొలత కొట్టి ఉంటుంది. జపాన్ బండ్లలో 0.25, 0.50, 0.75, 1.00 అని మిల్లీమీటర్లలో, ఇంగ్లీషు బండ్లలో +20, +40 అని అంగుళంలో వెయ్యో వంతుల్లో. 1.00 కనిపించిందంటే ఆ సిలిండర్ ఇప్పటికే చివరి బోరులో ఉందని అనుకోవచ్చు. ఇప్పుడు అంకె ఎంత బాగున్నా, ఈసారి అరిగితే సిలిండర్ లోపల కొత్త గొట్టం, అంటే లైనర్ వేయించాలి. 0.25 ఉండి కంప్రెషన్ కాస్త తక్కువ చూపించిన ఇంజన్‌నే నేను ఎంచుకుంటాను, ముందు ఇంకా బోర్లు మిగిలి ఉన్నాయి కాబట్టి. మసి కమ్మేసి అంకె కనపడకపోవచ్చు. అప్పుడు అడగాలి: ఎప్పుడు బోరు చేయించారు, ఏ సైజు పిస్టన్ వేశారు, పాత పిస్టన్ దాచారా? నిజంగా చేయించినవాళ్ళ దగ్గర తరచుగా ఆ పాత పిస్టన్ ఉంటుంది. కెమెరా ఉంటే పిస్టన్‌ని కిందికి దించి గోడల మీద నిలువు గీతలున్నాయేమో కూడా చూడండి. వేలి గోటికి తగిలేంత లోతైన గీత ఎప్పుడో పిస్టన్ పట్టేసిందనడానికి సాక్ష్యం.

ఇదంతా చూసి బండి తీసుకున్నాక, ఆ రోజు రాసుకున్న చీటీ పారెయ్యకండి. ఏ గేజి, ఇంజన్ వేడిగా ఉందా చల్లగా ఉందా, ఒక్కో కిక్కుకీ ఎంత అన్నది తేదీ వేసి బండి కాగితాలతో పాటు పెట్టుకోండి. ఆయిల్ మార్చి, ట్యాపెట్లు సరిచేసి, 500 కిలోమీటర్లు తిరిగాక అదే గేజితో అదే పద్ధతిలో మళ్ళీ చూడండి. ఇరుక్కున్న రింగులు విడివడి ఉంటే ముల్లు 10, 15 పైకి వెళ్తుంది, వరస కూడా మారుతుంది. అలాగే ఉంటే ఆ ఇంజన్ స్థితి అదే, తొందర లేకుండా పని పెట్టుకోవచ్చు. కిందికి దిగితే మాత్రం ఇంకో ప్రయాణం పెట్టుకోకుండా హెడ్డు విప్పించండి.